వదినగారి కంపెనీ డిస్కు

తైపే,
ఏప్రిల్ 16, 2019.

పూజ్యులైన వదినగారు చియూ-యెన్ గారికి,

మీ తమ్ముడి భార్య పీ-శ్యా చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ తమ్ముడు, కంప్యూటరు కొట్టు, కొట్టు ముందు తిరిగే కుంటి పిల్లి, అందరం క్షేమం. అక్కడ మీరూ అన్నయ్యగారూ క్షేమంగా ఉండాలని మాజు అమ్మవారికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. క్షేమమో కాదో మీరెలాగూ చెప్పరు. రెండేళ్ళుగా నా ఫోను ఎత్తలేదు. అందుకే పార్సిల్‌లో ఉత్తరం పెడుతున్నాను. ఫోను ఎత్తకుండా ఉండగలరు గానీ, వచ్చిన పార్సిల్ విప్పకుండా ఉండడం మీవల్ల కాదు. నాకు తెలుసు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే చివరిదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని చదువుతారు. అన్నయ్యగారి గొంతు ఉంది. మొత్తం ఉంది వదినా. ఒక్క బొమ్మలాట నాటకం పోలేదు. సేనాపతి ఉన్నాడు, దొంగ సన్యాసి ఉన్నాడు, పళ్ళూడిన ముసలమ్మ ఉంది, ఆ ముసలమ్మ దగ్గే దగ్గు కూడా ఉంది. అన్నీ మీ డిస్కులోంచే వచ్చాయి. మీరు గెలిచారు, నేను ఓడాను. ఇక్కడ కాసేపు ఆగి, కళ్ళు తుడుచుకుని, ఇంత టీ తాగి మళ్ళీ చదవండి.

తాగారా? సరే.

పోయిన గురువారం పొద్దున్న మేం షట్టరు ఎత్తేసరికి మన యు-చెంగ్ కొట్టు ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో బిస్కెట్ల రేకు డబ్బా. డబ్బాలో ఎర్ర గుడ్డ, గుడ్డలో అన్నయ్యగారి నాటకాలు దాచిన మీ కంపెనీ హార్డ్ డిస్కు. వాడి మొహం చూసి, ఇంట్లో ఎవరికేమైందిరా అన్నాను. అత్తా, నాన్న గొంతు పోయింది అన్నాడు. పోయి రెండేళ్ళయింది కదరా, ఇప్పుడు కొత్తగా చెబుతావేంటి అన్నాను. నాకు అర్థం కాలేదు మరి. రెండోసారి పోయింది అత్తా అని బావురుమన్నాడు. పెళ్ళయి మీసాలొచ్చిన మగాడు, కొట్టు ముందు జనం చూస్తుండగా ఏడిస్తే నేనేం చెయ్యను? లోపలికి లాక్కెళ్ళి వేడివేడి సోయా పాలు తాగించాను. అప్పుడు చెప్పాడు.

ఆపరేషన్‌లో అన్నయ్యగారి గొంతు తీసేశాక ఆయన బొమ్మలాట మండలి మూతపడుతుందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. మూతపడలేదు. ముందే రికార్డు చేసిన నాన్న గొంతు వెనక మోగుతుంటే, కొడుకు ముందు నిలబడి బొమ్మలాడించాడు. అన్నయ్యగారు తెర వెనక స్టూలు మీద కూర్చుని, తన మాటలు తనే వింటూ, ఖాళీ చేతులు ఆడిస్తూ ఉంటారట. కొడుకు చేతిలో బొమ్మ ఎటు తిరిగితే ఆయన వేళ్ళూ అటే తిరుగుతాయట. ఈసారి అమ్మవారి పుట్టినరోజు పండగ వచ్చే శనివారం కాక ఆపై శనివారం. గుడి ముందు వేదిక కట్టేశారు. సరిగ్గా ఇప్పుడు డిస్కు నోరు మూసుకుంది. గుడి కమిటీవాళ్ళు పోనీలే, వేరే మండలివాళ్ళ రికార్డు తెచ్చి పెట్టుకోండి అన్నారట. అన్నయ్యగారు ఆ మాట విని లేచి వెళ్ళి బొమ్మలన్నిటినీ పెట్టెలో పడుకోబెట్టి మూత వేసేశారట. అది చెప్పేటప్పుడు మళ్ళీ ఏడ్చాడు మీ కొడుకు.

అంతకంటే ఘోరం మీ సంగతి. మీరు అన్నం మానేశారట. అల్మైరా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారట. నేనే చంపుకున్నాను, నా చేతులతో నేనే చంపుకున్నాను అంటున్నారట. ఎందుకంటే పొట్లం!

ఆ ఆకుపచ్చ కువాయ్-కువాయ్ పొట్లం. పేరుకి అర్థమే బుద్ధిగా ఉండు అని గనక, యంత్రం బుద్ధిగా ఉండాలని నెత్తిన ఆ మొక్కజొన్న చిరుతిండి పొట్లం పెట్టనివాళ్ళు ఈ దేశంలో ఎవరున్నారు? బ్యాంకుల్లో పెడతారు, ఆసుపత్రుల్లో పెడతారు, మా కొట్లో లేకుండా ఒక్క పూట గడవదు. ఆకుపచ్చదే కావాలి. తేదీ దాటకూడదు. చచ్చినా విప్పి తినకూడదు. ఈ విషయంలో మీదీ నాదీ ఒకటే మతం, అందుకు నేను మిమ్మల్ని వెక్కిరించను.

ఆ పొట్లాన్ని అన్నయ్యగారు తినేశారట కదా! రెండేళ్ళుగా గంజి తప్ప ఏదీ దిగని మనిషి, ఒక మధ్యాహ్నం మీరు వీధిలోకి వెళ్ళినప్పుడు డిస్కు మీది పొట్లం చింపి, ఒకటి నోట్లో వేసుకుంటే కరిగిపోయిందట, ఇంకోటి వేసుకుంటే అదీ కరిగిందట, అలా మొత్తం ఖాళీ చేశారట. మీరు వచ్చి తిట్టారా? లేదు. ఖాళీ పొట్లం పట్టుకుని, మా ఆయన కరకరలాడేది తిన్నాడు చూడండి అని వీధివీధంతా తిరిగి చూపించారట. యు-చెంగ్ ఆ మాట చెబుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆ సంబరంలో కొత్త పొట్లం పెట్టడం మర్చిపోయారు. ఆ వారంలోనే డిస్కు ఆగిపోయింది. ఇంకేముంది, తప్పంతా నెత్తికెత్తుకున్నారు. పాపం అన్నయ్యగారు, తిన్నది నేను అని పలక మీద రాసి మీ ఎదురుగా నిలబడుతున్నారట, మీరేమో కొంగుతో ఆ పలక తుడిచేస్తున్నారట. ఏం మనుషులు వదినా మీరిద్దరూ!

ఇక వినండి. పొట్లం తిన్నందుకు డిస్కు పోలేదు. అసలు డిస్కే పోలేదు. కింద ఒక పచ్చ బోర్డు ఉంటుంది, దాని మీద గోరంత ముక్క ఒకటి కాలిపోయింది, అంతే. మీ ఊళ్ళో ఉరుములు ఉరిమిన రోజు కరెంటు ఎగిరి ఉంటుంది. అలాంటి బోర్డే ఇంకోటి పాత సామాన్లలో దొరికితే మీ తమ్ముడు తీసి దీనికి తగిలించాడు. ఒక్క పూట పని. తగిలించగానే అన్నయ్యగారి సేనాపతి కోటగోడ మీంచి ఒక్క అరుపు అరిచాడు. ఎదురు కొట్టువాడు ఉలిక్కిపడి చేతిలో టీ ఒలకబోసుకున్నాడు. అంత బాగుంది మీ డిస్కు. కంపెనీలకు అమ్మే డిస్కు గట్టిదని మీరన్న మాటే నిజమైంది. రోజంతా రాత్రంతా తిరిగినా అలవదు, గ్యారంటీ ఎక్కువ, పక్కన పది డిస్కులు తిరుగుతూ వణుకుతున్నా చలించదు. ఒప్పుకున్నాను. ఈ ఉత్తరం దాచుకుని మీ తమ్ముడికి చూపించి ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు నవ్వుకోండి.

పాత డిస్కు మాత్రం తిరిగి పంపడం లేదు. దాని పని అయిపోయింది, ఇక్కడే ఉంచుకుంటాను. అడక్కండి.

ఓడిపోయినదాన్ని కాబట్టి ఇంకో రెండు ముక్కలు మాట్లాడే హక్కు నాకుంది. ఆ రోజు మీరు నన్ను మాట్లాడనివ్వలేదు. వాన కురుస్తోంది. మర్నాడు ఆపరేషన్. మీరిద్దరూ అద్దెకి తెచ్చిన రికార్డరులోని రికార్డింగులన్నీ పట్టుకుని మా కొట్టుకి వచ్చారు. మనం టీ తాగుతుండగానే నేను వాటిని రెండు మామూలు డిస్కుల్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. అవి ఎక్కడం అయ్యాక మీరు పెట్టె మీది పేరు చూశారు. ఇది ఇళ్ళలో వాడే రకమా అన్నారు. అవునన్నాను. అంతే, మూతి ముడుచుకున్నారు. మా ఆయన గొంతు సందుచివర కెమెరా రికార్డింగనుకున్నావా, చవక డిస్కులో పడెయ్యడానికి, సొంత ఆడపడుచుకే నాసిరకం అంటగడతావా అన్నారు. కొట్లో ఉన్న గిరాకీ అంతా ఇటు తిరిగి చూసింది. అప్పుడు నాకూ ఒళ్ళు మండింది. ఏ డిస్కయినా చచ్చేదే వదినా, చవకదీ చస్తుంది, ఖరీదైందీ చస్తుంది, అందుకే రెండు చోట్ల పెడుతున్నాను అన్నాను.

నేనన్న మాట తప్పు కాదు. అన్న రోజు తప్పు. మర్నాడు మొగుణ్ణి కత్తి కిందికి పంపబోతున్న ఆడదాని ముందు చావు మాట ఎత్తాను. మీ మొహం పాలిపోయింది. నీ నోట్లో మన్ను పడ అన్నారు. ఎక్కించింది చెరిపెయ్, ఇప్పుడే చెరిపెయ్ అన్నారు. సరేనన్నాను. మీరు అన్నయ్యగారి చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయారు. ఎంత హడావుడిగా అంటే ఆయన గొడుగు మర్చిపోయి మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చింది. ఒక్క గొడుగు తేవడానికి అంతసేపా అని మెట్రో మెట్ల దగ్గర ఆయన్ని కూడా తిట్టారని తర్వాత యు-చెంగ్ చెప్పాడు. అట్నుంచి అటే వేరే కొట్టుకెళ్ళి, అన్నిటికంటే ఖరీదైన కంపెనీ డిస్కు ఒక్కటి కొనుక్కుని ఊరెళ్ళిపోయారు.

ఆ ఒక్కటే వదినా నా బాధ. కంపెనీ డిస్కు కొన్నందుకు కాదు, ఒక్కటి కొన్నందుకు.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. కంపెనీ డిస్కు ఉమ్మడి కుటుంబంలో పుట్టిన పిల్ల. పెద్ద పెద్ద బీరువాల్లో అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో కలిసి బతకడానికి తయారైంది. అక్కడ ఏ మాటా ఒక్కరి దగ్గరే ఉండదు, ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంటుంది. అందుకని దానికి ఎక్కడైనా ఒక అక్షరం కనపడకపోతే, కాసేపు చూసి, నావల్ల కావట్లేదు, పక్కవాళ్ళని అడగండి అని చెప్పి ముందుకి వెళ్ళిపోతుంది. బద్ధకం కాదు అది, పక్కవాళ్ళున్నారనే ధీమా. మామూలు డిస్కు అలా కాదు. వేరు కాపురం దానిది. అడగడానికి ఎవరూ లేరు. అందుకే ఒక్క అక్షరం దొరక్కపోతే దాని దగ్గరే కూర్చుని, మళ్ళీ మళ్ళీ చూస్తూ, అవతల మనం విసుక్కుంటున్నా వదలకుండా పెనుగులాడుతుంది. మీరేం చేశారు? ఉమ్మడి కుటుంబం పిల్లని తీసుకొచ్చి ఒంటరిగా అల్మైరాలో కూర్చోబెట్టారు. అది పక్కవాళ్ళని అడగమంటే ఎవరిని అడుగుతారు? దేవుడి పటాన్నా?

పోనీ మామూలుది అమృతం తాగిందా అంటే అదీ లేదు. వేలకి వేలు డిస్కులు నడిపేవాళ్ళు మా కొట్టుకి వస్తుంటారు. వాళ్ళని అడిగితే చెబుతారు, ఖరీదైన వాటికీ మామూలు వాటికీ తేడా ఉంది గానీ మనం పెట్టే ఆశకి తగ్గ తేడా లేదని. ఇవీ పోతాయి, అవీ పోతాయి, ఏది ఎప్పుడు పోతుందో చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదని. ఇక గ్యారంటీ అంటారా, డిస్కు పోతే కొత్త డిస్కు ఇస్తారు. అన్నయ్యగారి గొంతు ఇవ్వరు కదా.

కోప్పడకండి. మీ డిస్కు గెలిచిందని పైన రాశాను, ఆ మాట మీదే ఉన్నాను. అయినా ఈ పార్సిల్‌లో రెండు డిస్కులు పెడుతున్నాను. ఒకటి కంపెనీది, మీ పట్టుదల కోసం. ఒకటి మామూలుది, నా మొండితనం కోసం. రెండింటిలోనూ ఉన్నది ఒక్కటే. దయచేసి రెండిటినీ ఒకే అల్మైరాలో పెట్టకండి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోది యు-చెంగ్ అత్తవారింట్లో పెట్టించండి. మీకిష్టమైతే ఇంకోటి మా దగ్గర కూడా ఉంచుతాను. ఏడాదికోసారి రెండిటినీ తిప్పి చూడమని వాడికి నేర్పాను. మూడు ఆకుపచ్చ పొట్లాలు కూడా పెట్టాను. రెండు డిస్కుల మీదకి. మూడోది అన్నయ్యగారికి, తినడానికి. ఈ లెక్క మాత్రం తారుమారు చెయ్యకండి.

వదినా, ఒక్క మాట. ఆ డిస్కుకి చేసిందే మీకు మీరు చేసుకుంటున్నారు. ఆయన మందులు మీరే, ఆయన గంజి మీరే, గొంతు దగ్గర ఆ గొట్టం శుభ్రం చెయ్యడం మీరే, మండలి లెక్కలు మీరే, ఆఖరికి పొట్లం మర్చిపోయిన పాపం కూడా మీరే. పక్కవాళ్ళని అడిగితే ఏం పోయింది? నేను చచ్చానా? ఇక్కణ్ణించి మీ ఊరు రైలెక్కితే పూటలో వస్తాను. మొన్న చింగ్‌మింగ్ పెద్దల పండగ రోజు మామగారి సమాధి దగ్గర గడ్డి పీకుతూ మీరు అటు, నేను ఇటు. మీ చేతి నిండా గడ్డి ఉంది, నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతోంది. నా రుమాలు తీసి ఇవ్వబోతే మొహం తిప్పుకున్నారు. ఎంత చిక్కిపోయారో అప్పుడే చూశాను. రైల్లో ఇంటికొచ్చే దారంతా మీ తమ్ముణ్ణి తిట్టాను, ఇంకెవరు దొరుకుతారు నాకు.

నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడింది మీరొక్కరే. అత్తగారికి కనపడకుండా వేయించిన వేరుశనగకాయలు నా జేబులో పోసేవారు. గుర్తుందా? నాకు అక్కలు లేరు. మిమ్మల్ని చూసుకునే ఆ లోటు మర్చిపోయాను. మీరు ఫోను ఎత్తని ఈ రెండేళ్ళూ నాకు ఎంత కష్టంగా గడిచిందో మీకు తెలియదు. ఇంతకంటే రాయను, రాస్తే కాగితం తడుస్తుంది.

ఇంకోటి. యు-చెంగ్ చెప్పాడు, మీరు ఏడుస్తూ ఒక మాటన్నారట. బొమ్మల గొంతులన్నీ దాచాను గానీ మా ఆయన గొంతు దాచుకోలేదు, సేనాపతి గొంతు వింటాను, ముసలమ్మ గొంతు వింటాను, నన్ను అన్నానికి పిలిచే గొంతు ఏదీ అన్నారట. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. డిస్కులో అన్నిటికంటే కింద, పేరు లేని ఫైలు ఒకటుంది. అది నాటకం కాదు. అది యు-చెంగ్‌ని పెట్టమనకండి, గుడి దగ్గర పెట్టకండి. తలుపేసుకుని, అన్నయ్యగారి పక్కన కూర్చుని, మీరే వినండి.

శనివారం పండగకి మేం రావడం కుదరదేమో. మీరు పిలిస్తే కుదురుతుంది.

అన్నయ్యగారికి నా నమస్కారాలు. పొట్లం తిన్నందుకు నా అభినందనలు కూడా. మీరు వేళకి భోంచెయ్యండి.

మీరు తిట్టినా మీదే అయిన మరదలు,
పీ-శ్యా

తా.క.

అక్కా, ఇది నేను, మింగ్-త్సాన్. రాత చూస్తేనే తెలిసి ఉంటుంది. కవరు అంటించమని నా చేతికిచ్చి పీ-శ్యా భోజనం పొట్లాలు కట్టించుకు రావడానికి వెళ్ళింది. వచ్చేలోపు నాలుగు ముక్కలు రాసి అంటించేస్తాను.

దాని ఉత్తరంలో మిగతా అంతా నిజమే గానీ, డిస్కు గురించి రాసింది శుద్ధ అబద్ధం. నీ డిస్కులోంచి ఒక్క మాట కూడా రాలేదు. బోర్డూ లేదు, ముక్కా లేదు. మూత విప్పితే అద్దంలా ఉండాల్సిన పళ్ళేల మీద గుండ్రంగా గీతలు పడి, లోపలంతా బూడిద. నెల రోజులుగా టిక్కుటిక్కుమంటోందని యు-చెంగ్ చెప్పాడు. పొట్లం ఉన్న రోజుల్లోనే అది చావడం మొదలుపెట్టింది. తిరిగి పంపితే ఎవరికైనా చూపిస్తావని పీ-శ్యా దాచేసింది. నువ్వు నిన్ను తిట్టుకుంటూ కూర్చున్నావని విన్నప్పటి నుంచి దాని మనసు మనసులో లేదు. మీ అక్క గెలిచిందని రాస్తే లేచి అన్నం తింటుంది, నువ్వు నోరు మూసుకో అంది. నేను మూసుకుంటానన్నాను.

కానీ ఈ అబద్ధం నీకు మంచి చెయ్యదక్కా. కంపెనీ డిస్కు చావదనుకుని మళ్ళీ ఒక్కదాన్నే నమ్ముకుంటావు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు చెరిపెయ్ అంటే అది సరేనంది. చెరపలేదు. చెరపబోతుంటే బావ గొడుగు కోసం తిరిగొచ్చాడు. చెల్లెమ్మా, చెరపకు, రెండు చోట్లా ఉంచు, మీ వదినకి చెప్పకు, దాని మనసు ఇప్పుడు దాని దగ్గర లేదు అన్నాడు. అప్పటి నుంచి ఆ రెండు మామూలు డిస్కుల్లో ఒకటి మా కొట్లో, ఒకటి పీ-శ్యా పుట్టింట్లో కీలుంగ్‌లో ఉన్నాయి. రెండింటి మీదా పొట్లాలు, తేదీ దాటకముందే మార్చేది. నేను వెక్కిరిస్తే నన్ను తిట్టేది. నీ మీద కోపం వచ్చినప్పుడల్లా వెళ్ళి ఆ డిస్కు తిప్పి చూసి వచ్చేది.

ఇంకో సంగతి విను. వాటిలో ఒకటి నిరుడు చచ్చింది. కొట్లోది. నెత్తిన ఆకుపచ్చ పొట్లం, తేదీ ఇంకా ఆర్నెల్లుంది, ఎవరూ విప్పలేదు, ఎవరూ తినలేదు. అయినా చచ్చింది. పీ-శ్యా ఏడవలేదు, పొట్లాన్ని తిట్టలేదు, తనని తాను తిట్టుకోలేదు. కొత్తది తీసుకుని ఆ సాయంత్రమే కీలుంగ్ రైలెక్కింది, రెండోదాన్లోంచి ఎక్కించి తెచ్చింది. అంతేనక్కా. బావ పొట్లం తిన్నాడు, నువ్వు మర్చిపోయావు, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది నా వృత్తి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆ పలక తుడవడం మానెయ్యి.

అంత జాగ్రత్తగా అబద్ధమాడిన మనిషి ఒకచోట దొరికిపోయింది, గమనించావా? చివర పేరు లేని ఫైలు ఉందని రాసింది. అది నీ డిస్కులో ఉండే వీలే లేదు. అది బావ ఆ రోజు గొడుగు కోసం వచ్చినప్పుడు మాట్లాడింది. నువ్వు మెట్రో మెట్ల దగ్గర వానలో నిలబడి, ఒక్క గొడుగుకి ఇంతసేపా అని తిట్టుకుంటున్నావు చూడు, అప్పుడు. మైకు పెట్టి మేమిద్దరం బయటికొచ్చి నిలబడ్డాం. ఏం మాట్లాడాడో మాకు తెలియదు. పీ-శ్యా ఈ రెండేళ్ళలో ఆ ఫైలు ఎన్నిసార్లు ఎక్కించిందో, ఒక్కసారి కూడా వినలేదు. మొదటి మాట వచ్చిందో లేదో చూసి ఆపేసేది. ఆ మొదటి మాట నీ పేరు.

అదిగో, పీ-శ్యా వస్తోంది. అంటించేస్తున్నాను. నువ్వు ఫోన్ చేస్తే ముందు దాన్ని బాగా తిట్టు. ఎత్తగానే మంచిగా మాట్లాడితే నేను చెప్పేశానని కనిపెట్టేస్తుంది.